ఎక్కడుంది, ఎందుకక్కడే ఉంది? పటాలతో జీవవైవిధ్య పాఠం

హైస్కూలు జీవశాస్త్రంలో జీవవైవిధ్యం పాఠం చాలావరకు జాబితాల పాఠంగా సాగిపోతుంది. జన్యు వైవిధ్యం, జాతుల వైవిధ్యం, ఆవరణ వ్యవస్థల వైవిధ్యం అని మూడు నిర్వచనాలు, అంతరించిపోతున్న జంతువుల పేర్లు, అభయారణ్యాల పేర్లు, పరీక్షలో ఒక జతపరచండి. ఇవన్నీ తెలియాల్సినవే గానీ, వీటి మధ్య అసలు ప్రశ్న జారిపోతుంది. ఒక మొక్కో పిట్టో ఫలానా కొండ మీదే ఎందుకుంది, పక్క కొండ మీద ఎందుకు లేదు? జీవజాతులు భూమి మీద సమంగా పరచుకుని లేవు. కొన్నిచోట్ల కిక్కిరిసి ఉంటాయి, కొన్నిచోట్ల పలచగా ఉంటాయి, కొన్ని జాతులైతే నాలుగైదు మండలాలు దాటి కనిపించవు. ఈ హెచ్చుతగ్గులు కంటికి ఆనాలంటే పటం కావాలి. కాగితం పటమైనా సరే, ఉపగ్రహ చిత్రమైనా సరే, ఫోనులోని జీపీఎస్ అయినా సరే. వీటిని సైన్సు క్లాసులోకి తేవడం కొత్త మోజు అనిపించవచ్చు. నిజానికి ఈ శాస్త్రం పెరిగిందే పటాల మీద.

జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫన్ హంబోల్ట్ 1802లో ఇప్పటి ఈక్వెడార్‌లో ఉన్న చింబొరాజో పర్వతం ఎక్కాడు. 6,263 మీటర్ల ఆ కొండే ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని ఆ రోజుల్లో అనుకునేవారు. శిఖరం అందలేదు గానీ, దారి పొడవునా ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో ఆయన రాసుకున్నాడు. 1807లో అచ్చయిన ఆయన బొమ్మలో కొండను నిలువునా కోసినట్టు చూపి, ఆ కోత మీద మొక్కల పేర్లన్నీ వాటి వాటి ఎత్తుల దగ్గర రాశారు. పక్క గడుల్లో ఉష్ణోగ్రత, గాలి పీడనం వంటి వివరాలు చేర్చారు. మొక్కలను కుటుంబాలవారీగా వర్గీకరించడమే పెద్ద పనిగా ఉన్న కాలంలో, అవి పెరిగే చోటును బట్టి పేర్చి చూడడం పెద్ద మలుపు.

ఉత్తరాంధ్ర పిల్లలు ఇదే బొమ్మను సొంతంగా గీయవచ్చు. విశాఖ ఒడ్డు నుంచి అరకు లోయకు పోయే దారి ఒకే పూట ప్రయాణంలో సముద్ర మట్టం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. టోపోషీట్ మీద కాంటూరు గీతలు లెక్కపెట్టి నిలువు కోత గీయాలి. తీరం దగ్గర తాటి, సరుగుడు, జీడిమామిడి అని రాయాలి. వాలుల్లో వెదురు, పైన కాఫీ, మిరియాల తీగ, సిల్వర్ ఓక్. రాయడం పూర్తవగానే ఒక చిక్కు బయటపడుతుంది. ఈ పేర్లలో సగానికి పైగా మనుషులు నాటినవే. నాటినవి ఒక రంగులో, వాటంతటవే మొలిచినవి మరో రంగులో రాయమంటే, సహజమైన అడవి ఎక్కడ మిగిలిందన్న చర్చ ఉపాధ్యాయుడు ఎత్తకుండానే మొదలవుతుంది.

హంబోల్ట్ నిలువుగా చూసినదాన్ని ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అడ్డంగా చూశాడు. 1854 నుంచి 1862 దాకా ఇండోనేసియా, మలయా దీవుల్లో తిరిగిన వాలెస్ 1856లో బాలి నుంచి లోంబోక్ దీవికి దాటాడు. రెంటి మధ్య జలసంధి దాదాపు 35 కిలోమీటర్లు. బాలిలో పిట్టలు ఆసియా పిట్టలు. లోంబోక్‌లో దిగగానే ఆస్ట్రేలియా వైపు కనిపించే కాకటూలు ఎదురయ్యాయి. వాతావరణం ఒకటే, నేల తీరూ దాదాపు ఒకటే, మరి ఈ తేడా ఎందుకు? కారణం సముద్రపు లోతులో ఉంది. మంచుయుగాల్లో సముద్రం 120 మీటర్ల దాకా దిగిపోయినప్పుడు బాలి ఆసియా ఖండంతో కలిసిపోయింది, లోతైన ఈ జలసంధి మాత్రం నీటితోనే ఉండిపోయింది. వాలెస్ గీసిన గీత ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. సముద్రపు లోతులు చూపే పటం తరగతి గోడకు తగిలించి, ఆ గీతను పిల్లల చేతే గీయిస్తే పరిణామం పాఠానికీ అదే ఆధారం అవుతుంది.

గీతలు గీసేది మనుషులేనన్న సంగతి కూడా పటమే నేర్పుతుంది. నార్మన్ మైయర్స్ 1988లో ప్రతిపాదించిన జీవవైవిధ్య హాట్‌స్పాట్ల జాబితా ఇప్పుడు 36కు చేరింది. అందులో చేరాలంటే రెండు షరతులున్నాయి: ప్రపంచంలో మరెక్కడా లేని మొక్కలు కనీసం 1,500 రకాలు ఉండాలి, అసలు వృక్షసంపదలో 70 శాతమైనా నాశనమై ఉండాలి. హిమాలయాలు, పశ్చిమ కనుమలు, ఈశాన్యంలో ఇండో-బర్మా, నికోబార్ దీవులున్న సుందాలాండ్ ఈ లెక్కకు తూగాయి. తూర్పు కనుమలు తూగలేదు. అంటే ఇవి పేద అడవులని కాదు. నిబంధన మారితే పటమూ మారుతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైన విద్యార్థి ఇక ఏ పటాన్నీ దైవవాక్కులా చదవడు.

ఒక చెట్టు, నాలుగు పొరలు

తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ప్రధానంగా శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల్లో మాత్రమే సహజంగా పెరిగే చెట్టు ఎర్రచందనం. కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు పాత జిల్లాల సరిహద్దులు తెలిసిన పిల్లవాడు దాని వ్యాప్తి మొత్తాన్ని అరచేతి వెడల్పు పటంలో రంగు వేయగలడు. ఒక ప్రాంతానికే పరిమితమైన జాతి అన్న భావనకు తెలుగు విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. అదే కొండల్లో, ముఖ్యంగా తిరుమల చుట్టుపక్కల, సైకస్ బెడ్డోమీ అనే ఈతచెట్టు పోలికలున్న పురాతన మొక్క కూడా ఉంది. దాని పరిధి ఇంకా చిన్నది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు.

క్లాసులో చేయాల్సింది దీని తర్వాతి పని. పలచటి ట్రేసింగ్ కాగితాలు నాలుగు తీసుకోవాలి. ఒకదాని మీద కొండల ఎత్తు, ఒకదాని మీద రాయి రకం, ఒకదాని మీద ఏడాది వాన, చివరిదాని మీద ఎర్రచందనం వ్యాప్తి గీయాలి. నాలుగూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాలి. క్వార్ట్‌జైట్ రాళ్ల కొండలకూ ఈ చెట్టు ఉనికికీ ఏదో పొత్తు ఉందని కనిపిస్తుంది. వెంటనే రెండో ప్రశ్న వేయాలి: అదే రాయి, అంతే వాన ఉన్న మరో చోట ఈ చెట్టు లేకపోతే ఏమనాలి? రెండు పొరలు కలిసినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమైపోదు. అది ఊహకు దారి, రుజువు కాదు. సైన్సు పద్ధతి గురించి విడిగా ఒక పేజీ పాఠం చెప్పేకన్నా ఇది బాగా నాటుకుంటుంది.

కంప్యూటర్లో ఇదే పని చేసే పరికరాన్ని భౌగోళిక సమాచార వ్యవస్థ, పొట్టిగా జీఐఎస్ అంటారు. 1960ల్లో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ తమ దేశపు భూముల వివరాలను లెక్కకట్టడానికి దీన్ని రూపొందించాడు. ట్రేసింగ్ కాగితాల స్థానంలో పొరలు వచ్చాయి. చెట్టు ఒక చుక్క, వాగు ఒక గీత, చెరువు ఒక మూసిన ఆకారం. ఉపగ్రహ చిత్రం మాత్రం చిన్న చిన్న గడుల వల. ఒక్కో గడికి ఒక్కో అంకె. ఇంతకు మించిన సిద్ధాంతం హైస్కూలుకు అక్కర్లేదు.

ఖర్చు గురించిన భయం చాలావరకు పాతది. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికా 1972లో మొదలుపెట్టిన లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. ఐరోపా సెంటినెల్ చిత్రాలూ అంతే. మన దేశపు భువన్ పోర్టల్‌ను ఇస్రో 2009లో తెచ్చింది. దాన్ని నడిపే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నది హైదరాబాద్ బాలానగర్‌లో. ఉపగ్రహాల నుంచి సమాచారం దిగేది షాద్‌నగర్‌లో. బడి పిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీతో కలిసి స్కూల్ భువన్ అని ఒక విభాగమూ పెట్టారు. అయితే దాన్ని భూగోళం పాఠాల వరసలో అమర్చారు. జీవశాస్త్రం మాస్టారు అటు తొంగిచూడాల్సిన పనే లేదన్నట్టు ఉంటుంది. మన బడుల్లో పటం సోషల్ మాస్టారి సొత్తు, మొక్క సైన్సు మాస్టారి సొత్తు. ఈ గోడే అసలు అడ్డంకి.

కొల్లేరు: అడుగుల్లో ఉన్న తగాదా

కాలంతో వచ్చే మార్పును పటం మీద చూపడానికి కొల్లేరును మించిన చోటు తెలుగు నేల మీద లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు, ఎన్నో మురుగు కాల్వలు చేరతాయి. నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది.

కొల్లేరు వివాదమంతా కాంటూరు అనే ఒక్క పదం చుట్టూ తిరుగుతుంది. సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు గీత దాకా సరస్సు అనుకోవాలి? 10 అడుగుల గీత దాకా తీసుకుంటే సుమారు 900 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యం హద్దుగా తీసుకున్న 5 అడుగుల గీత దాకా అయితే 308. హద్దు తగ్గించాలని కోరేవారు చెప్పే 3 అడుగుల గీత దాకా అయితే 135 మాత్రమే. రెండడుగుల ఎత్తు తగ్గితే సగానికి పైగా విస్తీర్ణం ఎలా పోయింది? నేల దాదాపు బల్లపరుపుగా ఉన్నచోట కాంటూరు గీతలు ఎడంగా ఉంటాయి కాబట్టి. అట్లాసులో చదివిన ఈ సూత్రం ఇక్కడ గూడబాతులకు ఎంత నీరు, రైతుకు ఎంత చెరువు అన్న లెక్కగా మారిపోతుంది. పత్రికలో రోజూ చదివే వార్తలో ఉన్న జ్యామితి పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

తర్వాతి పని పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన పెట్టడం. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏటేటా చిత్రాలున్నాయి. ప్రకృతి గీసిన అంచు వంకర టింకరగా ఉంటుంది, మనిషి కట్టిన గట్టు తిన్నగా ఉంటుంది. సరస్సు పడక మీద నలుచదరపు గడులు ఎలా పుట్టుకొచ్చాయో, చేపల చెరువులు ఎలా అల్లుకుపోయాయో చూడడానికి ఏ శిక్షణా అవసరం లేదు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత చెరువుల గట్లు తెగ్గొట్టిన సంగతి కూడా ఆ వరసలో వెతుక్కోవచ్చు. అచ్చుతీసిన చిత్రం మీద గళ్ల కాగితం పరిచి నీటి గడులెన్ని, చెరువు గడులెన్ని, పొలం గడులెన్ని అని లెక్కపెడితే శాతాలు చేతికొస్తాయి. కంప్యూటర్ లేని బడికి ఈ పద్ధతి చాలు.

ఇక్కడే పిల్లలు తప్పకుండా ఒక పొరపాటు చేస్తారు, చేయనివ్వాలి కూడా. సరస్సు మధ్యలో పచ్చగా కనిపించే మేరను పొలమని రాసేస్తారు. అందులో చాలాభాగం గుర్రపుడెక్క, తుంగ, కిక్కిస. పైనుంచి చూస్తే మొక్క మొక్కే, అది నేల మీదుందా నీటి మీదుందా అన్నది రంగు చెప్పదు. ఉపగ్రహ చిత్రాన్ని నేల మీదికి వెళ్లి సరిచూసుకోవాలన్న నియమం అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసొస్తుంది.

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవి మరో రకం పాఠం ఇస్తుంది. 1978లో అభయారణ్యమైన ఈ 235 చదరపు కిలోమీటర్లలో తెల్లమడ, నల్లమడ, తిల్ల వంటి చెట్లు ఉప్పదనాన్ని, పోటునీరు చేరే ఎత్తును బట్టి చోట్లు పంచుకుంటాయి. పాయ ఒడ్డు నుంచి లోపలికి ఒక తాడు లాగినట్టు ఊహించి, దాని పొడవునా ఏ చెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాసుకుంటే వరస తేలుతుంది. ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ గోదావరి తెచ్చిన మట్టితో గత రెండు శతాబ్దాల్లో పెరిగినదే. బావురుపిల్లులు, నీటికుక్కలు తిరిగే ఈ అడవికి హద్దు గీసే పటం ఏదైనా కొన్నేళ్లకే పాతబడుతుంది.

పక్షులకు మరో కొలత కావాలి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. గ్రామస్థులు వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. కానీ తిండి ఊళ్లో దొరకదు, నౌపడా చిత్తడి నేలలకు ఎగిరిపోవాలి. ఊరి చుట్టూ 5, 10, 20 కిలోమీటర్ల వృత్తాలు గీసి, ఒక్కో వృత్తంలో ఎన్ని చెరువులు, ఎన్ని మడుగులు పడ్డాయో చూస్తే, గూడు ఉన్న చెట్టును కాపాడితే సరిపోదని తెలిసిపోతుంది. జీఐఎస్‌లో దీన్ని బఫర్ అంటారు. కంపాసు పెట్టెతోనూ గీయవచ్చు.

బడి ఆవరణే మొదటి పటం

ఇన్ని దూరాలు పోయే ముందు బడి ప్రహరీ లోపల మొదలుపెట్టడం మంచిది. ఎకరం స్థలమున్న బడి లాండ్‌శాట్ చిత్రంలో నాలుగైదు గడులకు మించదు, ఎందుకంటే ఒక్కో గడి 30 మీటర్ల చదరం. సెంటినెల్‌లో 10 మీటర్ల గడులు కాబట్టి నలభై వస్తాయి. ఎందులోనూ వేపచెట్టు విడిగా కనపడదు. ఫోను జీపీఎస్ ఆరుబయట ఐదు మీటర్ల అటూఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా తడబడుతుంది. మూడు మీటర్ల ఎడంలో ఉన్న రెండు కానుగ చెట్లను అది కలిపేసినా ఆశ్చర్యం లేదు. కాబట్టి చిన్న స్థలానికి టేపు, దిక్సూచి, గళ్ల కాగితమే నమ్మకమైన సాధనాలు. ఈ మాట సాంకేతికతను కించపరచడానికి కాదు. ఏ కొలతకు ఏ పరికరం అన్నది తెలియడమూ పాఠంలో భాగమే.

స్థలాన్ని పది మీటర్ల గడులుగా విడగొట్టి గడికొక జట్టును పెట్టాలి. చెట్లు, పొదలు, గడ్డి రకాలు, తూనీగలు, సీతాకోకచిలుకలు, పిట్టలు, పుట్టలు. పేరు తెలియకపోతే ఆకు ఆకారం గీసి ఒక సంఖ్య ఇచ్చుకోవచ్చు, పేరు తర్వాత వెతుక్కోవచ్చు. గడులన్నీ కలిపి పెద్ద పటంగా గోడకు అంటిస్తే కొన్ని సంగతులు తమంతట తామే పైకి తేలతాయి. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర రకాలు ఎక్కువ; సిమెంటు పరిచినచోట ఏమీ లేవు; వరసగా నాటిన కోనోకార్పస్ కంచె ఎంత పచ్చగా ఉన్నా ఒకటే రకం, దాని మీద వాలే పురుగులూ తక్కువే; పట్టించుకోకుండా వదిలేసిన మూలలో, చెత్త పోసే గుంత పక్కన, అన్నిచోట్లకన్నా ఎక్కువ జాతులు. ఈ చివరి సంగతి హెడ్మాస్టర్లకు అంతగా నచ్చకపోవచ్చు.

ఇదే పనిని ఏడాది పొడవునా సాగించే వేదికలున్నాయి. బెంగళూరు కేంద్రంగా నడిచే సీజన్‌వాచ్‌లో ఒక చెట్టును ఎంచుకుని వారం వారం ఆకులు, పూలు, కాయల స్థితి రాస్తారు. కేరళ బడులు ఇందులో పెద్ద సంఖ్యలో పాల్గొన్నాయి. రేల చెట్టు ఒక జిల్లాలో ఎప్పుడు పూసింది, మరో జిల్లాలో ఎప్పుడు పూసింది అన్నది అలా పటం మీదికొస్తుంది. పిట్టల కోసం ఈబర్డ్ ఉంది, 2002లో అమెరికాలో మొదలైంది. మిగతా జీవజాలానికి ఐనాచురలిస్ట్, మన దేశానికే ప్రత్యేకంగా ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఆ ఊరి జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలాచోట్ల ఆ రిజిస్టరు కాగితాల మీద పేర్ల పట్టికగానే మిగిలింది. ఊరి పటం మీద వాటి చోట్లు గుర్తించే పని హైస్కూలు పిల్లలు చేయగలరు. పంచాయతీకి అది ఉపయోగపడుతుంది, పిల్లలకు ప్రాజెక్టు మార్కులూ వస్తాయి.

పచ్చదనం చెప్పే అబద్ధాలు

పటం నేర్పేటప్పుడు పటం ఎక్కడ మోసపోతుందో కూడా చెప్పకపోతే చదువు సగమే. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర వెలుతురును పీల్చుకుని, కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఉపగ్రహం ఈ రెంటినీ కొలుస్తుంది. వాటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్‌డీవీఐ అంటారు. మైనస్ 1 నుంచి 1 దాకా ఉంటుంది, పచ్చదనం పెరిగినకొద్దీ 1 వైపు జరుగుతుంది. ఎనిమిదో తరగతి లెక్కల స్థాయే. ఇప్పుడు నల్లమలను నవంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి ఈ అంకెతో చూస్తే అడవి సగం కొట్టేశారని కంగారు పుడుతుంది. నల్లమల ఆకురాల్చే అడవి. ఎండాకాలం ముందు టేకు, నల్లమద్ది మోడుగా నిలబడతాయి. పోల్చదలిస్తే ఏ ఏడాదైనా అదే నెలను పోల్చాలి.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఈ అంకెకు జీవవైవిధ్యం తెలియదు. జామాయిల్ తోట, సుబాబుల్ తోట, సర్కారు తుమ్మ చిట్టడవి, వందేళ్ల సహజారణ్యం, అన్నీ దాని దృష్టిలో పచ్చనివే. భారత అటవీ సర్వే రెండేళ్లకోసారి ఇచ్చే నివేదికలో అటవీ ఆచ్ఛాదనకు నిర్వచనం: హెక్టారుకు తగ్గని స్థలంలో చెట్ల నీడ 10 శాతం ఉంటే చాలు, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా. మామిడి తోటా, కొబ్బరి తోటా అందులోకి వస్తాయి. కాబట్టి అటవీ ఆచ్ఛాదన పెరిగిందన్న వార్త చూసి జీవవైవిధ్యం పెరిగిందనుకోవడం తొందరపాటు.

దీనికి తలకిందులైన కేసు కడప జిల్లాలో ఉంది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ స్థానిక పిట్టల వేటగాడి సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. రాత్రి తిరిగే ఈ పిట్టను చూడడం కష్టం కాబట్టి పరిశోధకులు సన్నటి మట్టి పరిచిన బాటలు వేసి పాదముద్రలు వెతికారు. 2004లో వెలువడిన పరిశోధన ప్రకారం ముద్రలు ఎక్కువగా కనిపించింది రెండు మీటర్లు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న చోట్ల. మరీ చిక్కటి అడవీ వద్దు, మరీ బయలూ వద్దు. అలాంటి పొదలున్న నేల ఇంకా ఎక్కడెక్కడ ఉందో ఉపగ్రహ చిత్రాలతో వెతికారు. తెలుగుగంగ కాలువ దారిని ఆ ఆవాసం తప్పేలా మార్చాల్సి వచ్చింది కూడా. ఇదంతా జరిగిన పొదల నేలను కేంద్రం ప్రచురించే బంజరు భూముల అట్లాసు ఏ వర్గంలో చేరుస్తుంది? పొదలున్న భూమి దాని లెక్కలో బంజరే. బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం చేసిన రోళ్లపాడు గడ్డిమైదానాన్ని ఉపగ్రహం నుంచి చూసినా ఏడాదిలో సగం గోధుమరంగు బీడే. పటానికి కింద ఉండే సూచికను, అంటే ఏ రంగు దేనికి అన్న పట్టికను, చదవకుండా పటం చదవకూడదని చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

ఖాళీల సంగతీ అంతే. ఈబర్డ్ పటంలో నగరాల చుట్టూ చుక్కలు దట్టంగా, మారుమూల మండలాల్లో పలచగా ఉంటాయి. పిట్టలు నగరాలను ఇష్టపడతాయని కాదు, చూసేవాళ్లు అక్కడున్నారు. అందుకే ఆ వేదిక ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, కనిపించిన పిట్టలన్నీ రాశారా అని అడుగుతుంది. అరగంట చూసినా కనపడలేదన్న సమాచారం, ఎవరూ చూడలేదన్న ఖాళీ, ఈ రెండూ ఒకటి కావు. పదో తరగతి పిల్లలు ఈ తేడాను ఇట్టే పట్టుకుంటారు, పెద్దలకే చెప్పాల్సి వస్తుంది.

కొన్ని చుక్కలు పటం మీద పెట్టనే కూడదు. నక్షత్ర తాబేలు, అలుగు, ఎర్రచందనం వంటివి దొంగల కంటపడితే ఏమవుతుందో తెలిసిందే. ఐనాచురలిస్ట్ ముప్పులో ఉన్న జాతుల చోటును దాదాపు 20 కిలోమీటర్ల గడిలో కలిపేసి చూపుతుంది. బడి తయారుచేసే పటానికీ ఇదే నియమం పెట్టుకోవాలి. ఫోటోలతో పాటు పిల్లల పేర్లు, ఇళ్ల చిరునామాలు పోకుండా చూడడమూ మాస్టారి బాధ్యతే.

ఈ పనికి పీరియడ్ ఎక్కడిదన్నది చివరి ప్రశ్న. కంప్యూటర్ ల్యాబ్ వచ్చే దాకా ఆగితే ఎప్పటికీ మొదలుకాదు. సైన్సు, సోషల్, లెక్కల మాస్టర్లు ముగ్గురూ కలిసి ఏడాదికొక ప్రాజెక్టు అనుకుంటే ట్రేసింగ్ కాగితాలు, ఒక టేపు, ఒక ఫోను చాలు. మొదలుపెట్టడానికి తేదీ కావాలనుకునే బడికి అదీ ఉంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మన దేశంలో అందులో భాగంగా క్యాంపస్ బర్డ్ కౌంట్ నిర్వహిస్తారు. ఏ బడైనా చేరవచ్చు, రుసుము లేదు. ఒకచోట నిలబడి కనీసం 15 నిమిషాలు చూసి, కనిపించిన ప్రతి పిట్టనూ లెక్కపెట్టి ఈబర్డ్‌లో నమోదు చేస్తే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఆ ఊరు కూడా పటంలోకి వస్తుంది.